‘పెద్దయినంక అర్థం చేసుకుంటడు’ అనేటోళ్లకు మా జవాబు

పోస్టు పొడుగుంటది, సెలవు రోజు తీరిగ్గా చదవండి. చదువు రానోళ్లు రూంలో ఉంటే గట్టిగ చదివి వినిపియ్యండి. ఊర్లో మూడేండ్ల లోపు బిడ్డ ఉన్నోళ్లు, రేపో మాపో బిడ్డ పుట్టబోతున్నోళ్లు మాత్రం దీన్ని దాటెయ్యకండి.

గల్ఫ్‌లో మనం ఎన్ని క్యాంపులు మారినా ఒక మాట మాత్రం మారదు. సోనాపూర్‌లో అదే మాట, సజ్జాలో అదే, ముసఫ్ఫాలో అదే, రియాద్‌లో కూడ అదే. బిడ్డ పుట్టిందని ఫోన్ వస్తది. రూంలో మిఠాయి పంచుతరు. పక్క బెడ్డాయన భుజం మీద చెయ్యేసి అంటడు: "రంది పడకు తమ్మీ. చిన్న పిల్లలకు తల్లి ఉంటే చాలు. నువ్వు పైసలు పంపు. పెద్దయినంక వాడే అర్థం చేసుకుంటడు."

ఈ మాట ప్రేమతోనే అంటరు, మేం కాదనం. కాని ఇది తప్పు మాట. ఈ మాట వల్ల బిడ్డకు లాభం లేదు, తండ్రికి లాభం లేదు. రెండేండ్లు కదలకుండ పని చేసే మనిషి కావాలె అనుకునే కంపెనీకి లాభం. "పెండ్లయింది, పిల్ల పుట్టబోతుంది, ఇప్పుడే పో, ఖర్చులుంటయి" అని వీసా అంటగట్టే ఏజెంటుకు లాభం. నూటికి మూడు రూపాయల మిత్తికి ఇచ్చినోడికి లాభం. మనల్ని మనమే ఓదార్చుకునే మాట ఎదుటోడి జేబుకు ఎట్ల పనికొస్తుందో చూడండి.

మేం పదో తరగతి చదివి, హెల్పర్‌గా వచ్చి, మేస్త్రీలమై, ఇప్పుడు సూపర్‌వైజర్ టోపీ పెట్టుకున్నోళ్లం. డాక్టర్లం కాదు, ప్రొఫెసర్లం కాదు. కాని సైట్ మీద ఎవడన్నా "ఈ పిల్లర్‌కు ఇంత స్టీల్ చాలు" అంటే, డ్రాయింగ్ ఏది అని అడుగుతం. గట్లనే ఈ మాటకు డ్రాయింగ్ ఏది అని అడగాలనిపించింది. కొన్ని నెలలుగా నలుగురం కూచొని, ఇంగ్లీషు వచ్చిన తమ్ముళ్లతోని చదివిచ్చుకొని, ఫోన్‌లో తర్జుమా పెట్టుకొని, పసిపిల్లలు–తండ్రులు అనే ముచ్చట మీద పరిశోధన చేసినోళ్లు ఏం రాసిన్రో తెలుసుకున్నం. అది మీ ముందు పెడుతున్నం.

మొదలు ఈ మాట మన ఊరి ముసలోళ్లదే అనుకోకండి. పెద్ద చదువులు చదివినోళ్లు కూడ చానా ఏండ్లు ఇదే అన్నరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక తల్లి లేని, ఇల్లు లేని పిల్లలు యూరప్‌లో మస్తుమంది ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాన్ బౌల్బీ అనే ఇంగ్లండు డాక్టరుతోని ఒక రిపోర్టు రాయించింది. 1951లో వచ్చింది. పసిపిల్లల ఒంటికి మంచి తిండి ఎంత అవసరమో, మనసుకు తల్లి ప్రేమ అంత అవసరం అని అందులో గట్టిగ చెప్పిండు. అది మంచి మాటే. కాని తండ్రి దగ్గరికి వచ్చేసరికి, పసితనంలో ఆయన తల్లికి ఆసరా, ఇంటికి సంపాదన, అంతకు మించి నేరుగా పెద్ద లెక్కలోకి రాడు అన్నట్టు రాసిండు. మన పక్క బెడ్డాయన మాటనే ఆ డాక్టరు ఇంగ్లీషులో రాసిండన్నట్టు.

మరి ఆ మాట నిలబడ్డదా? నిలబడలే.

1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు స్కాట్లండు గ్లాస్గో పట్నంలో 60 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన అచ్చయింది. పెద్దోళ్ల ఇండ్లు కాదు, ఎక్కువగా పని చేసుకొని బతికే ఇండ్లు. నాలుగు వారాలకోసారి ఇంటికి పోయి, ఎవరు వదిలిపోతే బిడ్డ ఏడుస్తుందో రాసుకున్నరు. పిల్లలకు ఏడాదిన్నర వచ్చేసరికి నలుగురిలో ముగ్గురు తండ్రితోని గట్టిగ ముడిపడి ఉన్నరు. తండ్రి గది దాటిపోతే ఏడ్చే పిల్లలు వాళ్లు. ఆ తండ్రులు పొద్దంతా పనికి పోయేటోళ్లే. ఇంకో సంగతి కూడ తేలింది. బిడ్డ ఎవరికి దగ్గరైతదంటే, పాలు పట్టినోళ్లకే, బట్టలు మార్చినోళ్లకే అని లేదు. తను ఏడ్చినా నవ్వినా ఎవరు పలికిన్రో, ఎవరు ఆడిపిచ్చిన్రో వాళ్లకు దగ్గరైతది.

తర్వాత 1970లలో అమెరికాలో మిల్టన్ కోటెల్‌చక్ అనే ఆయన ఆరు నెలల నుంచి ఇరవయ్యొక్క నెలల దాక ఉన్న పిల్లల్ని ఆట బొమ్మల గదిలో కూచోబెట్టి చూసిండు. తల్లి బయటికి పోతే బిడ్డ ఆట ఆపి ఏడ్చేది. తండ్రి బయటికి పోయినా అదే తీరు. కొత్త మనిషి పోతే మాత్రం పట్టించుకోలే. అంటే పసిబిడ్డ లెక్కలో తండ్రి కొత్త మనిషి కాదు, సొంత మనిషి. 1975లో మైకేల్ ల్యాంబ్ అనే ఇంకో పరిశోధకుడు ఒక వ్యాసం రాసి, పిల్లల ఎదుగుదలలో తండ్రులను మనమందరం మరిచిపోయినం అని దాని పేరులోనే చెప్పిండు. అప్పటి సంది యాభై ఏండ్లయితుంది. మన క్యాంపుకు ఆ వార్త ఇంకా రాలే.

ఇక్కడ ఒక తమ్ముడు అడుగుతడు: "అన్నా, వాళ్లు పొద్దుందాక ఇంటికి వచ్చే తండ్రులు. మనం రెండేండ్లకోసారి పోయేటోళ్లం. మనకేం పనికొస్తది ఈ లెక్క?"

మంచి ప్రశ్న. దీనికి మనోళ్లు ఇంకో అబద్ధం తయారుగా పెట్టుకున్నరు. "రక్తం ఊరికే ఉంటదా? బిడ్డ తండ్రిని గుర్తుపడ్తది" అంటరు. పట్టదు. 1984లో డీకాస్పర్, ప్రెస్కాట్ అనే ఇద్దరు అప్పుడే పుట్టిన పిల్లల మీద పరీక్ష చేసిన్రు. పుట్టినంక కొన్ని గంటలు తండ్రి మాటలు విన్న పిల్లలు కూడ, వేరే మగ మనిషి గొంతు కంటె తండ్రి గొంతు కావాలని ఏమీ కోరుకోలే. తల్లి గొంతయితే కడుపులోనే విని వస్తరు, దాన్ని కోరుకుంటరు. తండ్రి గొంతు బయటికి వచ్చినంక నేర్చుకోవాలె. ఇందులో తండ్రికి అవమానం లేదు. రక్తం పలకదు, మనిషి పలకాలె. అంతే.

బిడ్డ నేర్చుకున్నట్టే తండ్రి ఒళ్లు కూడ నేర్చుకుంటది. దీని మీద మన సైట్ల మీద పక్కన పని చేసే ఫిలిప్పీనోల దేశంలోనే ఒక పరిశోధన అయింది. లీ గెట్లర్, ఆయనతోటోళ్లు సెబూ పట్నంలో 624 మంది పడుచు పిల్లగాండ్ల మగ హార్మోన్‌ను 2005లో ఒకసారి, నాలుగున్నర ఏండ్లకు ఇంకోసారి కొలిచిన్రు. 2011లో అచ్చయింది. మధ్యలో తండ్రులైనోళ్లలో ఆ హార్మోన్ బాగ తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకంటె ఎక్కువ సేపు బిడ్డను చూసుకునేటోళ్లలో ఇంకా తక్కువ ఉంది. "మగతనం తగ్గిందా" అని నవ్వేటోళ్లు రూంలో ఒకరిద్దరు ఉంటరు, వాళ్లకు చెప్పండి. తగ్గింది మగతనం కాదు, బిడ్డను ఎత్తుకునే పనికి ఒళ్లు తయారైతుంది. దేవుడో ప్రకృతో తండ్రి ఒంట్లో కూడ ఆ ఏర్పాటు పెట్టింది. కంపెనీయే పెట్టలే.

ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ అనే ఆమె బృందం 2014లో మెదడు ఫొటోలు తీసి చూసింది. ఇంట్లో తల్లి ముందుండి, తండ్రి సాయం చేసే ఇండ్లు కొన్ని. తల్లి లేకుండ ఇద్దరు మగవాళ్లే బిడ్డను పెంచే ఇండ్లు కొన్ని. ఆ రెండో రకం ఇండ్లల్ల తండ్రి మెదడు, బిడ్డను చూసినప్పుడు, తల్లి మెదడు కదిలినట్టే కదిలింది. బిడ్డతోని గడిపే టైం ఎంత ఎక్కువుంటే తండ్రి మెదడులో ఆ లైన్లు అంత గట్టిగ కలిసినయి. తల్లికి కడుపుతో ఉన్నప్పుడే ఆ దారి మొదలైతది. తండ్రికి పని చేస్తేనే మొదలైతది. స్టీల్ కట్టుడు పుస్తకం చదివితే వస్తదా? చేతులతోని కట్టినోడికే వస్తది. ఇది కూడ గంతే.

మరి పని చెయ్యనియ్యకుంటే? అసలు కొట్లాట ఇక్కడ ఉంది.

ఆఫ్రికా నడుమ అడవుల్లో అకా అనే జనం ఉంటరు. బారీ హ్యూలెట్ అనే పరిశోధకుడు వాళ్ల మధ్య ఉండి 1991లో పుస్తకం రాసిండు. ఆ తండ్రులు రోజులో 47 శాతం సేపు బిడ్డను ఎత్తుకొనో, చెయ్యి చాపితే అందేంత దూరంలోనో ఉంటరట. దాదాపు సగం రోజు. ఎందుకట్ల? వాళ్లు మనకంటె మంచోళ్లా? కాదు. వాళ్ల వేటకు మొగుడు, పెండ్లాం, పిల్లలు అందరు కలిసి పోతరు. వల పట్టుడు అందరి పని. పనీ బిడ్డా ఒక్క తావునే ఉంటయి. మన పనీ మన బిడ్డా నడుమ సముద్రం ఉంది. అకా తండ్రికీ మనకూ తేడా గుణంలో లేదు, పని ఏర్పాటులో ఉంది. ఏర్పాటు మనుషులు చేసింది. మనుషులు చేసింది మార్చొచ్చు.

కావాలంటె ఆ ఏర్పాటు లెక్క చూడండి. దుబాయ్‌లో భార్యాబిడ్డల్ని తెచ్చుకోవాలంటె నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం ఉండాలె, లేకుంటె 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలె. వెయ్యి, పన్నెండు వందల మీద పనిచేసే హెల్పర్‌కు ఈ జన్మలో అందదు. బంక్ బెడ్డు మీద ఆరుగురు, ఎనిమిదిమంది ఉండే రూంకు పసిబిడ్డ ఎట్ల వస్తది? అంటే తండ్రిగా ఉండే హక్కుకు కూడ జీతం లైను గీసిన్రు. ఇంజనీరు బిడ్డకు తండ్రి కావాలె, షటరింగ్ కార్పెంటర్ బిడ్డకు అక్కరలేదు అన్నట్టు. మీరు కట్టిన టవర్లోనే ఆ ఇంజనీరు బిడ్డ సాయంత్రం తండ్రి చెయ్యి పట్టుకొని నడుస్తది. మీరు దాన్ని చూసి, తల తిప్పుకొని, లిఫ్ట్ దిగి బస్సెక్కుతరు.

ఈ ఏర్పాటు వల్ల ఏమైతదో ఫిలిప్పీన్స్‌లో రాసేల్ పరేన్యాస్ అనే ఆమె వలస కుటుంబాల పిల్లలతోని మాట్లాడి 2005లో పుస్తకం రాసింది. తండ్రి విదేశం పోయిన ఇండ్లలో పైసలు వచ్చినయి, బడి ఫీజులు కట్టిన్రు. కాని తండ్రి ఇంటికి వస్తే ఆ పిల్లలకు బెరుకు, ఎడం. ఏం మాట్లాడాలో తెల్వదు. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊర్లల్ల, అటు కోనసీమ, కడప దిక్కు కూడ ఇదే కథ అని మీకు మేం చెప్పాల్నా? చుట్టీకి పోయిన తండ్రిని చూసి మూడేండ్ల పొల్ల తల్లి కొంగు వెనక దాసుకుంటది. కొందరు పిల్లలు "మామ వచ్చిండు" అంటరు. ఇంటోళ్లు నవ్వుతరు. తండ్రి కూడ నవ్వుతడు. రాత్రి ఎవరికి కనబడకుండ ఏడుస్తడు. "పెద్దయినంక అర్థం చేసుకుంటడు" అన్న మాటకు జవాబు ఇక్కడ ఉంది. పెద్దయినంక అర్థమైతది, నిజమే. నాయిన మన కోసం కష్టపడ్డడని తెలుస్తది. కాని అర్థమగుడు వేరు, దగ్గరగుడు వేరు. మొదటిది బుద్ధితోని అయ్యేది. రెండోది ఎత్తుకుంటే, పలికితే, ఆడిస్తే అయ్యేది.

ఇప్పుడు ఇంకో రకం మనుషుల సంగతి. యూట్యూబ్‌లో మోటివేషన్ చెప్పేటోళ్లు. "మూడేండ్లలో బిడ్డ మెదడు అయిపోతది, అప్పుడు తండ్రి లేకుంటే జీవితమే పాయె" అని భయపెడుతరు. వీళ్లు కూడ తప్పే. మనకు కాంక్రీటు తెలుసు. పోసినంక మొదటి వారం నీళ్లు పట్టకుంటే పగుళ్లొస్తయి, 28 రోజులకు క్యూబ్ టెస్టులో ఫెయిలైతది, తర్వాత ఎన్ని ట్యాంకర్ల నీళ్లు పోసినా ఆ బలం రాదు. బిడ్డ కాంక్రీటు కాదు. మొదటి మూడేండ్లు చానా ముఖ్యం, అది నిజం. కాని అక్కడితో గడ్డకట్టిపోదు. తండ్రితోని దూరమైన బిడ్డ మళ్ల దగ్గరైతది, టైం ఇస్తే, ఓపిక పడితే. భయపెట్టేటోడు, "ఏం కాదు" అనేటోడు ఇద్దరూ ఒక్కటే పని చేస్తున్నరు, మన చేతులు కట్టేస్తున్నరు. ఒకడు అక్కరలేదంటడు, ఒకడు అయిపోయిందంటడు. అక్కర ఉంది, అయిపోలేదు. ఇది మా మాట.

చెయ్యగలిగింది ఏంది మరి? మేం ఎవరినీ కొలువు ఇడిచిపెట్టి పొమ్మంటలేం. వీసా అప్పు ఎంత బరువో మాకు తెలుసు. బువ్వ లేకుంటే బాపు ఉన్నా బిడ్డ ఏడుస్తది. పైసలు పంపుడు చిన్న పని కాదు, దాన్ని తక్కువ చేస్తే నాలుక తెగాలె. పైసల పేరు చెప్పి మిగతాది మానుకోవద్దు అంటున్నం, అంతే.

మొదటిది ఫోన్. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు ఫోన్, టీవీ చూపియ్యొద్దు అని చెప్పింది. ఒక్కదానికే సడలింపు ఇచ్చింది, వీడియో కాల్‌కు. ఎందుకో 2014లో అచ్చయిన ఒక పరీక్ష చెప్తది. రెండేండ్ల నుంచి రెండున్నర ఏండ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పిన్రు. ఎదురుగా కూచొని నేర్పితే నేర్చుకున్నరు. వీడియో కాల్‌లో నేర్పితే కూడ అంతే నేర్చుకున్నరు. ముందే తీసి పెట్టుకున్న వీడియో చూపిస్తే నేర్చుకోలే. తేడా ఏంది? కాల్‌లో మనిషి జవాబిస్తడు. బిడ్డ "ఊ" అంటే ఇటు నుంచి "ఊ" వస్తది. అందుకే చెప్తున్నం, బిడ్డకు వాయిస్ మెసేజ్‌లు, స్టేటస్‌లు, రీల్సు పంపుడు తండ్రి పని కాదు. లైవ్‌లో పలుకుడే పని.

పలికేటప్పుడు పలుకుతనే ఉండాలె. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన 1970లలో ఒక పరీక్ష చేసిండు. తల్లి బిడ్డతోని నవ్వుకుంట ఆడుకుంట ఉండి, ఉన్నట్టుండి రెండు మూడు నిమిషాలు ముఖం కదలకుండ బొమ్మ లెక్క కూచుంటది. బిడ్డ మొదలు నవ్వి పిలుస్తది, చేతులు చాపుతది, తర్వాత ముఖం తిప్పుకొని ఏడుస్తది. తల్లి మళ్ల పలికితే మెల్లగ తేరుకుంటది. ఇప్పుడు మన కాల్ గుర్తు చేసుకోండి. ఒక చేతిలో ఖుబ్బూస్, టీవీ మీద క్రికెట్, ఫోన్ దిండుకు ఆనిచ్చి, కన్ను స్కోరు మీద. బిడ్డకు కనబడేది ఆ బొమ్మ ముఖమే. గంట సేపు అట్ల కంటె, పది నిమిషాలు బిడ్డ కండ్లలోకి చూసి ఆడిపిచ్చుడు మేలు.

టైం గురించి. ఊర్లో మనకంటె గంటన్నర ముందు. రాత్రి ఏడింటికి క్యాంపుకొచ్చి, స్నానం చేసి, వండుకొని ఫోన్ చేసేసరికి ఊర్లో పది అయితది, బిడ్డ పండుకుంటది. "ఎప్పుడు చేసినా నిద్రల్నే ఉంటది" అని మనోళ్లు మొత్తుకుంటరు. పొద్దుగాల ఐదున్నరకు బస్సుల ఉంటరు గదా, అప్పుడు ఊర్లో ఏడు. బిడ్డ లేచి పాలు తాగే టైం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక ఎండల పని బందు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక. అప్పుడు ఊర్లో రెండు నుంచి నాలుగున్నర. నిద్ర లేచి ఆడుకునే టైం. వాట్సాప్ కాల్ ఇక్కడ కలవదు, బోటిమ్ ప్యాకేజీ వేసుకోవాలె, ఆ పైసలను సిగరెట్ పైసల్లో నుంచి తీయండి. రోజూ ఒక్క టైం పెట్టుకోండి. ఒక్క ఆట పెట్టుకోండి: దాగుడుమూతలు, కాకి కథ, ఏనుగు చప్పుడు, ఏదైనా. పసిబిడ్డకు కొత్తది అక్కరలేదు, రోజూ అదే కావాలె.

ఇంకో ముచ్చట, అవతల ఫోన్ పట్టుకునేది ఇంటామె. ఏడాది బిడ్డ ఫోన్ పట్టుకోదు. ఆమె కూచోబెట్టి "అగో నాయిన, నాయిన నవ్విండు చూడు" అంటేనే మన ముఖం బిడ్డకు అతుకుతది. కాల్ మొత్తం "పైసలు ఎందుకు ఖర్చయినయి, మీ అన్న ఎందుకొచ్చిండు" అని ఆమె మీద అరుస్తే బిడ్డకు ఫోన్ అంటే కొట్లాట అని తెలుస్తది. కొట్లాడాలనుకుంటే వేరే టైంలో కొట్లాడండి, బిడ్డ టైం బిడ్డకే ఇడువండి.

రెండోది చుట్టీ. బిడ్డకు ఎనిమిది నెలలు దాటినంక కొత్త మొహం చూస్తే ఏడుస్తది. అది బిడ్డకు తెలివి వచ్చిందని గుర్తు, తండ్రి మీద కోపం కాదు. ఎయిర్‌పోర్టు నుంచి దిగి దిగంగనే గుంజి ఎత్తుకోకండి. బిడ్డ తల్లి ఒళ్లో ఉన్నప్పుడే పక్కన కూచోండి. రోజూ ఫోన్‌లో ఆడిన ఆటనే ఆడండి. గొంతు గుర్తుపడ్తది. రెండు మూడు రోజులకో, వారానికో తనే వస్తది. వచ్చినంక స్నానం చేపియ్యండి, బువ్వ తినిపియ్యండి, నిద్రపుచ్చండి. "మగోడివి, నీకెందుకురా" అని నాయినమ్మ అంటే నవ్వి ఊకోండి. చుట్టీ మొత్తం దావత్‌లు, దోస్తులు, సిమెంటు, ఇసుక, ఇంటి స్లాబు అని తిరిగితే, ఆ స్లాబు కింద బిడ్డ మనల్ని తెల్వకుండనే పెరుగుతది.

మూడోది మన మనసు. ఇంగ్లండులో పాల్ రామ్‌చందానీ, ఆయనతోటోళ్లు 2005లో వేలమంది కుటుంబాల లెక్క తీసి చూసిన్రు. బిడ్డ పుట్టిన రెండు నెలల కాడ తండ్రి బాగ దిగులుతోని కుంగి ఉంటే, మూడున్నర ఏండ్లకు ఆ పిల్లల్లో మనసు ఇబ్బందులు, మొండితనం ఎక్కువ కనబడ్డయి. తల్లి దిగులును లెక్కలో నుంచి తీసినా అదే తేలింది. అంటే తండ్రి దిగులు కూడ ఇంటి సంగతే. బిడ్డ పుట్టినంక నిద్ర పట్టకుండ, అన్నం తినకుండ, ఎవరితోని మాట్లాడకుండ గోడ దిక్కు తిరిగి పండుకునే తమ్ముడు రూంలో ఉంటే, "మందు తాగు, మరిచిపోతవు" అనకండి. పక్కన కూచోండి. డాక్టరు దగ్గరికి తీసుకపోండి. ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లకు చెప్తున్నం, అసొంటోడిని ఎత్తు మీద పనికి పంపకండి.

ఇవి మనం చేసేటివి. ఇక అడిగేటివి.

యూఏఈలో 2021 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి బిడ్డ పుట్టినంక ఆరు నెలల లోపు ఐదు పని దినాలు జీతంతోని సెలవు ఉంది. సౌదీలో మూడు రోజులు ఉంది. మీ క్యాంపులో ఎంతమందికి తెలుసు? ఐదు రోజులు టికెట్ ఖర్చుకు కూడ సరిపోవు, అది మాకూ తెలుసు. కాని హక్కు హక్కే. పుట్టిన సర్టిఫికెట్ పెట్టి అడగండి. ఏడాది చుట్టీకి కలిపి అడగండి. ఒక్కడు అడిగితే టైంకీపర్ నవ్వుతడు, ఇరవై మంది అడిగితే హెచ్‌ఆర్ ఫైల్ తెరుస్తది.

మన దేశంలో కేంద్ర సర్కారు కొలువు చేసే తండ్రికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. గల్ఫ్‌కు పంపే ఒప్పంద పత్రంలో తండ్రి అనే మాటే లేదు. బేసిక్ ఎంత, ఓవర్‌టైం ఎంత, బెడ్డు, టికెట్ అన్నీ ఉంటయి. బిడ్డ పుట్టే నెలలో చుట్టీ అన్న లైను ఒక్కటి రాయడానికి సిరా అయిపోయిందా? ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చే సర్కారు ఆ లైను పెట్టమని చెప్పొచ్చు. తెలంగాణ సర్కారు 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని జీవో ఇచ్చింది. ఎన్నో ఏండ్ల కొట్లాటతోని వచ్చింది, దండం పెడతం. కాని బతికున్న తండ్రి సంగతి ఏంది? శవపేటిక వచ్చినప్పుడే మనం తండ్రులమైతమా? అంగన్‌వాడీలో తల్లులకు మీటింగు పెడుతరు, బరువు చెప్తరు, టీకా చెప్తరు. ఆ మీటింగుకు గల్ఫ్ తండ్రిని వీడియో కాల్‌లో కలపడానికి కొత్త బిల్డింగు అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. ఒక్క ఫోన్ చాలు. అడగండి, మన ఆడోళ్లతోని అడిగిపియ్యండి.

చివరికి కంపెనీలకు ఒక మాట, మా కొలువు భాషలోనే. క్యాంపులో వైఫై పెట్టుడు దానం కాదు, సేఫ్టీ హెల్మెట్ లెక్క అవసరం. రాత్రి బిడ్డ నవ్వు చూసి పండుకున్నోడు తెల్లారి స్కఫోల్డింగ్ మీద నిదానంగా నడుస్తడు. ఇరవై ఏండ్ల సంది మనుషుల్ని ఎత్తుకు పంపుతున్న మేం చెప్తున్నం.

ఇది "ఆడోళ్ల ముచ్చట" అనేటోళ్లు కామెంట్లో అనొచ్చు. అనండి. మీరు పంపిన పైసలతోని కొన్న తొట్టెలలో ఎవరి బిడ్డ ఉంది? ఆడోళ్లదేనా?

రేపు మీ పక్క బెడ్డుకు బిడ్డ పుట్టిందని ఫోన్ వస్తే, మిఠాయి తినండి, భుజం మీద చెయ్యి కూడ వెయ్యండి. కాని ఆ పాత మాట అనకండి. "ఏ టైంకు లేస్తదో ఇంటామెను అడుగు. ఆ టైంకు నీ షిఫ్ట్ మేం చూసుకుంటం, నువ్వు పో, ఫోన్ చెయ్యి" అనండి. ఆ పది నిమిషాలు ఒకరి కోసం ఒకరం ఇచ్చుకుంటే, ఏ సర్కారు, ఏ కంపెనీ ఇచ్చేదాక ఆగే పని లేదు.

మీ క్యాంపులో ఇట్లాంటి టైం ఎట్ల కుదుర్చుకున్నరో కింద రాయండి. పక్క క్యాంపోళ్లకు పనికొస్తది.